చివరి మాట మూడుసార్లు

గైడు ఆ పొద్దున కూడా బొరియలోకి దూరుతూ ప్రెసిడెంటును తిట్టుకున్నాడు. రోజూ తిట్టుకుంటాడు. బొరియ నోటి దగ్గర నడుం వంచాలి, మోకాళ్ళు బండకు రాసుకోవాలి, పైరాయి తలకు తగలకుండా చూసుకోవాలి. ఇవన్నీ చేస్తూ మనిషిని తిట్టాలంటే ఊపిరి చాలదు. అయినా తిట్టాడు. లోపల గోనెపట్టా పరుచుకుని కూర్చుని, రేకు గొట్టాన్ని తుడిచి ఒళ్ళో పెట్టుకుని, రాళ్ళ సందులోంచి లోయ అవతలికి చూశాడు. అక్కడ ఇనప కంచె పక్కనున్న కర్రకు ఎర్ర తువ్వాలు ఇంకా ఎక్కలేదు. అంటే జనం రాలేదన్నమాట. జనం ఎప్పుడొచ్చి చచ్చారు గనక!

అసలు సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. కొండల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి పేరు తెచ్చిపెట్టింది ఒక ప్రతిధ్వని. ఊరి చివర లోయ అంచున నిలబడి కేకేస్తే ఎదుటి కొండ చివరి మాటను అందుకుని మూడుసార్లు పలికేది. నాలుగు కాదు, రెండు కాదు, మూడంటే మూడు. ఆ మూడు పలుకుల పుణ్యమా అని ఊళ్ళో లాడ్జీలు లేచాయి, గుర్రాలు దిగాయి, ఫోటో స్టూడియోలు వెలిశాయి, కొండ మీదికి రోప్‌వే కూడా పడింది. కేకలేసే చోటుకు ఎకో పాయింట్ అని బోర్డు పెట్టారు. తర్వాత ఎక్కడో పెద్ద రోడ్డు వేశారు. బస్సులన్నీ అటు మళ్ళాయి. రోప్‌వే ఆగిపోయింది. నలభై గుర్రాలున్న ఊళ్ళో ఒకటి మిగిలింది, దానికీ ఒక కన్ను సరిగ్గా కనపడదు. దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండలు జనానికి మరీ దగ్గరైపోయాయేమో మరి.

సరే, ప్రతిధ్వని ఉంది కదా, దాన్ని పట్టుకుని బతుకుదాం అనుకుంటూ ఉండగా ఆరేళ్ళ కిందట ఒక వానాకాలంలో ఎదుటి కొండ చరియ ఇల్లంత ముక్క విరిగి లోయలో పడింది. మర్నాడు వెళ్ళి కేకేస్తే కొండ ఉలకలేదు, పలకలేదు. ఆ మధ్యాహ్నమే ప్రెసిడెంటు తన లాడ్జి భోజనాల గదిలో కర్టెన్లు దించి మీటింగు పెట్టాడు. ప్రెసిడెంటంటే లాడ్జి ఓనర్ల సంఘానికి ప్రెసిడెంటు. ఆ సంఘంలో ఇప్పుడు ఓనరు ఆయనొక్కడే. ఆయన కాక అక్కడున్నవాళ్ళు ముగ్గురు: ఫోటోగ్రాఫరు, గుర్రాలాయన, గైడు.

"తమ్ముడూ, పద్దెనిమిదేళ్ళపాటు ఆ కొండ గొంతు విన్నవాడివి నువ్వు. పైగా నీకు ఎవడి గొంతైనా ఇట్టే పట్టేసే విద్య ఉంది. ఒక్క సీజన్ ఓపిక పట్టు. ఈలోగా ఏదో ఒకటి ఆలోచిద్దాం" అన్నాడు ప్రెసిడెంటు.

ఆ ఒక్క సీజన్ ఆరేళ్ళయింది. ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. లోయ చుట్టూ తిరిగి చరియ వైపు వెళ్ళే దారికి అడ్డంగా "ప్రమాదం, ప్రవేశం లేదు" అని బోర్డు పాతారు. గైడు వెనకదారిన వెళ్ళి బొరియలో దాక్కుంటాడు. ఊరికీ, కట్టుకున్నదానికీ చెప్పాల్సిన మాటొకటి తయారుచేశారు: కొండవతల నీళ్ళ ట్యాంకుకు కాపలా. నలుగురూ ప్రమాణాలు కూడా చేసుకున్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊళ్ళోకెల్లా మంచి నోరున్నవాణ్ణి పట్టుకెళ్ళి ఊరి బాగు కోసం రాతిబొరియలో కుక్కారు, చూడండి! గైడుగా ఉన్న రోజుల్లో ఆయన మాట వినడానికి జనం బస్సు వదులుకున్న సందర్భాలున్నాయి. రాయిని చూపిస్తే రాయికి కథ, మెట్టును చూపిస్తే మెట్టుకు కథ. అలాంటివాడు ఆరేళ్ళుగా పొద్దున పదినుంచి సాయంత్రం నాలుగుదాకా ఒక్క సొంత మాట మాట్లాడకూడదు. ఎవరో వచ్చి ఏదో అరిస్తే దాని తోక పట్టుకుని మూడుసార్లు ఊపాలి. అదీ ఉద్యోగం.

ఆ తోక ఊపడంలో కూడా పనితనం ఉందండోయ్. కేక ఆగిన వెంటనే అందుకోకూడదు, లోపల ఒకటీ రెండూ అనుకోవాలి. మొదటి పలుకు గొట్టం లోయ వైపు పెట్టి గట్టిగా. రెండోది సగం గొంతుతో. మూడోది మొహం రాతివైపు తిప్పి, ఊపిరి కలిపి. ఆడవాళ్ళకైతే సన్నగొంతు, పిల్లలకైతే ఇంకా సన్నగా. చప్పట్లకు రెండు చెక్కముక్కలు. అర్థంకాని భాషలు కూడా ఆయన తు.చ. తప్పకుండా పలికేవాడు. కుర్రకారు వచ్చి బూతులు తిడితే, ఆ బూతులతో తనను తానే మూడుసార్లు తిట్టుకునేవాడు. ప్రేమికులొచ్చి "ప్రేమిస్తున్నా" అని అరిస్తే అదీ అనేవాడు. ఈ ఆరేళ్ళలో ఎంతమందికి ఆ మాట చెప్పాడో లెక్కలేదు గానీ, పెళ్ళాంతో ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు.

ఆయనకు బొరియలో ఒకే ఒక్క కాలక్షేపం ఉండేది. విరిగిపడిన చరియ వెనక కొత్తగా బయటపడిన రాయిలో గవ్వలున్నాయి. ఒకటీ అరా కాదు, నిలువెత్తు బండ నిండా గవ్వలు. శంఖాల్లాంటివి, విసనకర్రల్లాంటివి, గోరంతవి, అరచేతంతవి, అన్నీ రాయిలో రాయిగా మారిపోయి ఉన్నాయి. ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట ఆ కొండ సముద్రం అడుగున ఉండేదన్నమాట. జనం లేని వేళల్లో ఆయన బొరియ బయటికొచ్చి వాటిని తడిబట్టతో తుడిచేవాడు. వాటికో కథ కూడా కట్టుకున్నాడు, చెప్పడానికి మనిషే లేడు.

ప్రెసిడెంటుకు పదిసార్లు చెప్పి చూశాడు. "గవ్వలు చూడాలనుకున్నవాడు సముద్రానికి పోతాడు గానీ కొండెక్కుతాడా? అయినా అటు జనాన్ని పంపిస్తే నువ్వు దొరకవూ?" అని కొట్టిపారేశాడాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అయితే ఈ మధ్య ప్రెసిడెంటు కొత్త మాటొకటి చెప్పాడు. పట్నంలో ఒక టూరిస్టు కంపెనీ ఉందట. వాళ్ళ మేడం వచ్చి ఊరు చూస్తుందట. నచ్చితే వారానికి రెండు బస్సులు పంపిస్తారట. "బస్సులొచ్చాయంటే గైడు కావాలిగా తమ్ముడూ? నిన్ను బయటికి తీసి, మళ్ళీ టోపీ పెట్టి నిలబెడతా. ఆ బొరియలోకి ఇంకెవణ్ణైనా చూస్తా. నామీద ఒట్టు!" అన్నాడు. ప్రెసిడెంటు ఒట్లకు విలువెంతో గైడుకు తెలియనిది కాదు. అయినా మనిషికి ఆశ ఎక్కడ చస్తుంది? ఆ రోజునుంచి ఆయన పాత టోపీని రెండుసార్లు ఉతికాడు. గొంతు పదిహేను రోజులుగా బొంగురుపోయినా నోరు మూసుకుని పని చేశాడు. ఆ మేడం వచ్చే రోజు ఇదే.

పదకొండు దాటాక ఎర్ర తువ్వాలు ఎక్కింది. గైడు గొట్టం అందుకున్నాడు. అవతల అంచున ప్రెసిడెంటు, ఫోటోగ్రాఫరు, గుర్రాలాయన, గుర్రం, వాళ్ళ మధ్య బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ కనిపించారు. ఆవిడ చేతిలో నోటుబుక్కు ఉంది. మనిషి అలిసిపోయినట్టు నిలబడి ఉంది.

"హలో!" అంది ఆవిడ. గైడు ఒకటీ రెండూ అనుకుని మూడుసార్లు హలో చెప్పాడు. మూడోది అద్భుతంగా కుదిరింది. ఆవిడ చప్పట్లు కొట్టింది, ఈయన చెక్కలు కొట్టాడు. ఆవిడ ఈల వేసింది, ఈయనా వేశాడు. అవతల ప్రెసిడెంటు మొహం వెలిగిపోతూ ఉండటం ఇక్కడికే తెలుస్తోంది. ఇంకేం, పని అయిపోయింది, ఇక వెళ్ళిపోతారనుకుని గైడు గొట్టం కింద పెట్టబోయాడు.

ఆవిడ వెళ్ళలేదు. కంచెమీద మోచేతులాన్చి, విసుగో నవ్వో తెలియని గొంతుతో కొండనే గట్టిగా అడిగింది.

"అవునూ, ఇది సరే! ఈ ఊళ్ళో చూడ్డానికి ఇంకేముంది?"

గైడు ఒకటీ రెండూ అనుకున్నాడు. "ఇంకేముంది" అన్నాడు గట్టిగా. రెండోసారి అనడానికి నోరు తెరిచాడు, రాలేదు. గొంతు వల్ల కాదు. పద్దెనిమిదేళ్ళపాటు రోజుకు నలుగురైనా ఆయన్ను అడిగిన ప్రశ్న అది. ఆ ప్రశ్న వినపడితే ఆయనకు జవాబు దానంతటదే వచ్చేది, వేడిగిన్నె ముట్టుకుంటే చెయ్యి వెనక్కొచ్చినట్టు. ఆరేళ్ళలో ఒక్కరూ ఆ ప్రశ్న కొండను అడగలేదు. కొండను ఎవరడుగుతారు! ఇప్పుడు అడిగారు. పైగా ఆ మాటను ఇంకో రెండుసార్లు తన ఊరి మొహాన తానే కొట్టాలట.

"చాలా ఉందమ్మా!" అన్నాడు గైడు.

అన్నాక ఆగాల్సింది. ఆగలేదు. "ఎందుకు లేదూ! ఊరి నడిమధ్య నుంచి పైకి మూడొందల మెట్లున్నాయి, కొట్టిన ప్రతి రాతిమీదా దాన్ని కొట్టినవాడు తన గుర్తు చెక్కుకున్నాడు. ఒకడు చేప చెక్కాడు, ఒకడు చెప్పు చెక్కాడు, ఒకడు పాపం తన పెళ్ళాం ముక్కు చెక్కాడు, ఆ ముక్కు చూస్తే ఆవిడ ఎంత కోపిష్టిదో తెలిసిపోతుంది! పాత పోస్టాఫీసులో ఒక తలుపుంది, తీస్తే గది లేదమ్మా, ఉత్త కొండే ఉంది. కట్టినవాడు గది మరిచిపోయాడు! ఆగిపోయిన రోప్‌వే పెట్టెల్లో పిచ్చుకలు కాపురాలు పెట్టాయి. పెట్టెకో కుటుంబం, పొద్దున్నే చూడాలి వాటి కొట్లాటలు! ఇక్కడ నా పక్కనే బండ నిండా గవ్వలున్నాయి, కొండంత సముద్రం ఎండిపోయి రాయైపోయింది, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి చూడరు! ఏమీ లేదని ఎవరమ్మా చెప్పింది నీకు?"

గొంతు అక్కడ జీరబోయి ఆగింది. అవతల ప్రెసిడెంటు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. ఫోటోగ్రాఫరు ఏం చెయ్యాలో తోచక ఫోటో తీశాడు. గుర్రం ఒక్కటే కొండవైపు శ్రద్ధగా చూస్తోంది. గైడుకు అప్పుడు తెలివొచ్చింది. కొంప ముంచుకున్నానురా దేవుడా అనుకుని, గొట్టం అక్కడే వదిలేసి వెనకదారి పట్టాడు.

లాడ్జి భోజనాల గదిలో కర్టెన్లు మళ్ళీ దిగాయి. ప్రెసిడెంటు ఎర్రబడ్డ మొహంతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నిన్ను పలకమన్నామా, మాట్లాడమన్నామా? కొండ ఎక్కడైనా 'అమ్మా' అంటుందట్రా? పెళ్ళాం ముక్కంట! ముక్కు!"

"అడిగింది కదండీ" అన్నాడు గైడు.

"అడిగితే? అడిగితే చెప్పేస్తావా?"

"గైడునండీ. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను?"

"ఒకప్పుడు గైడువి! ఆవిడ నావంక చూసింది. ఇది మా కొత్త ప్రోగ్రాం మేడం అని ఏదో కూశాను. నవ్విందా లేదు, తిట్టిందా లేదు. ఏదో రాసుకుని కారెక్కిపోయింది. బస్సులు రాకపోతే ఈ ఊరి ఉసురు నీకే తగుల్తుంది. గైడు పని మాట ఇక నా దగ్గరెత్తకు!"

గుర్రాలాయన మధ్యలో కల్పించుకుని "అది కాదన్నా, చెప్పింది మటుకు బాగానే చెప్పాడు" అన్నాడు. ప్రెసిడెంటు చూసిన చూపుకు ఆయన టీ గ్లాసులో తల పెట్టేశాడు.

గైడు ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని లాడ్జి కర్టెన్ల అంచులు కుడుతోంది. ఊళ్ళో ఆవిడను దర్జీ అక్క అంటారు. మూడింటికే ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి మిషను ఆపలేదు. గైడు గుమ్మంలో కూర్చున్నాడు. ప్రమాణం, గిమాణం, అన్నీ మంటగలవనీ అనుకున్నాడు.

"నేను నీళ్ళ ట్యాంకు దగ్గర పనిచెయ్యడం లేదు" అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ.

"ఏం తెలుసు?"

"కొండ పని. ఆరేళ్ళనుంచీ తెలుసు. మొదట్లో నిద్రలో రోజుకో ఆడపేరు కలవరించేవాడివి. చీపురు తీద్దామనుకున్నా. తీరా వింటే ప్రతి పేరూ మూడుసార్లే, మూడోది మరీ నీరసంగా. ఎవత్తెనో తలుచుకునేవాడు అంత పద్ధతిగా తలుచుకుంటాడటయ్యా?"

గైడుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి అడగలేదేం?"

"రోజూ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసి ఇస్తున్నాగా? ట్యాంకు కాపలావాడికి గొంతెందుకు పోతుందని నువ్వెప్పుడైనా అనుకున్నావా? నేనే కాదు, బేకరీ ఆవిడకు తెలుసు, పోస్టుమాన్‌కు తెలుసు, ఊరందరికీ తెలుసు. మీరు నలుగురే తేలుకుట్టిన దొంగల్లా తిరుగుతున్నారు. పోనీలే, చాటింపు వేస్తే అందరి నోటా మన్నే పడుతుందని ఎవరూ అనలేదు."

ఆరేళ్ళు! ఆరేళ్ళపాటు ఊరందరికీ తెలిసిన రహస్యం దాచడానికి మోకాళ్ళు చీరుకున్నానా అని గైడుకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో అర్థంకాక పక్కనున్న చెప్పును విసిరాడు. అది వెళ్ళి కర్టెన్ల కుప్పమీద పడింది.

దర్జీ అక్క మిషను ఆపింది. "కోపం నీకొక్కడికే ఉందనుకుంటున్నావా? నేను చేసుకుంది మాట్లాడే మనిషిని. నువ్వు చూపించిన మెట్లు చూసి కాదు, చెప్పిన కథలు విని వచ్చాను నీ వెంట. గొంతు దాచుకోవాలని ఇంట్లో నోరు విప్పడం మానేశావు. కూర బాగుందా అంటే 'బాగుంది' అంటావు. నిద్రొస్తోందా అంటే 'వస్తోంది' అంటావు. నా మాటే నాకు తిప్పి చెప్పడానికి నువ్వెందుకయ్యా, గోడ చాలదూ?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే మళ్ళీ మిషను తొక్కింది.

ఆవిడ అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. గైడు లేచి వెళ్ళి చెప్పు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ బట్ట కుడుతుంటే అంచు పట్టుకుని కూర్చుని, గవ్వల కథ మొదటినుంచి చివరిదాకా బొంగురుగొంతుతోనే చెప్పాడు. ఆవిడ మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి "ఇది మాత్రం నువ్వు కల్పించావు" అంది.

పదో రోజున ప్రెసిడెంటు చేతిలో కవరుతో పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తడం ఆ మనిషికి అలవాటు లేదేమో, గుమ్మంలో నిలబడి ఆయాసం తీర్చుకోవడానికే చాలాసేపు పట్టింది.

"కొట్టావురా తమ్ముడూ దెబ్బ! మాట్లాడే కొండ అట! మేడంగారికి పిచ్చిగా నచ్చేసిందట. నువ్వు వాగినదంతా ఫోన్లో రికార్డు చేసుకుంది. వారానికి రెండు బస్సులు, బస్సుకు ఒక షో!"

గైడు చూపు పాత టోపీ మీదికి పోయింది. "అయితే నేను..."

"నువ్వే! ఇంకెవరు? ఇదిగో" అని ప్రెసిడెంటు ఒక కాగితం తీశాడు. గైడు బొరియలోంచి అరిచిన మాటలన్నీ అందులో టైపు చేసి ఉన్నాయి. "జనం అందరూ కలిసి, ఈ ఊళ్ళో ఏముంది అని అరుస్తారు. నువ్వు ఇది చెప్తావు. ఒక్క అక్షరం మారకూడదట. 'చాలా ఉందమ్మా' దగ్గర నీ గొంతులో వణుకొచ్చింది చూడు, అది కూడా అలాగే ఉండాలట."

"బొరియలోంచా?"

"బొరియలోంచి కాకపోతే? కొండ మాట్లాడాలంటే మనిషి కనపడకూడదుగా!"

"మరి మెట్లు, తలుపు, అవన్నీ జనానికి ఎవరు చూపిస్తారు?"

"చూపించడం దేనికిరా? కొండే అన్నీ చెప్పేస్తుందిగా. వాళ్ళు ఆగేది గంటసేపే. విని, ఫోటో దిగి, టీ తాగి వెళ్ళిపోతారు. ఆ, అన్నట్టు ఆ గవ్వల ముక్క తీసేయించాను. అది వింటే ఎవడో ఒకడు అటు తొంగిచూస్తాడు, నువ్వు దొరికిపోతావు."

గైడు కాగితాన్ని చివరిదాకా చదివాడు. ఇన్నాళ్ళూ వచ్చిపోయేవాళ్ళ మాటలు తిప్పి చెప్పాడు. ఇకనుంచి తన మాటలే, అవీ కత్తిరించినవి, చచ్చేదాకా తిప్పి చెప్పాలి. అడిగినదానికి చెప్పినందుకు శిక్ష అన్నమాట. మొత్తుకోవాలనిపించింది, కాగితం చింపి ఆ మొహాన కొట్టాలనిపించింది.

"ఏం తమ్ముడూ, సరేనా?" అన్నాడు ప్రెసిడెంటు.

"సరేనా" అన్నాడు గైడు గట్టిగా. "సరేనా" అన్నాడు సగం గొంతుతో. గోడవైపు తిరిగి మూడోసారి కూడా అన్నాడు. ప్రెసిడెంటు పడీపడీ నవ్వి, వీపుమీద చరిచి, ఒప్పుకున్నాడనుకునే వెళ్ళిపోయాడు. లోపల కుట్టుమిషను ఆగిపోయింది.

మొదటి బస్సు ఆదివారం పొద్దున వచ్చింది. ముప్ఫైరెండు మంది దిగారు. లాడ్జికి కొత్త కర్టెన్లు కట్టారు, బేకరీకి రంగు వేశారు, గుర్రానికి కూడా స్నానం చేయించారు. ఆ కాస్త జనాన్ని చూసి టీకొట్టు ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. బూడిదరంగు కోటు మేడం కూడా వచ్చింది. ప్రెసిడెంటు మైకు పట్టుకుని అందరినీ కంచె దగ్గర వరసగా నిలబెట్టాడు.

"ఇప్పుడు మా కొండను అడగండి! అందరూ ఒక్కసారిగా! ఈ ఊళ్ళో ఏముంది?"

"ఈ ఊళ్ళో ఏముంది?" అని ముప్ఫైరెండు గొంతులు లోయలోకి అరిచాయి.

ఒకటి. రెండు. కొండ పలకలేదు. ప్రెసిడెంటు నవ్వుతూ "కొండకు కొంచెం బద్ధకం" అన్నాడు. మళ్ళీ అరిపించాడు. కొండ పలకలేదు. గుర్రాలాయన ఎర్ర తువ్వాలును పైకెత్తి పిచ్చిపట్టినట్టు ఊపాడు. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో వాచీ చూసుకున్నారు.

"అక్కడెవరూ లేరండీ."

మాట వెనకనుంచి వచ్చింది. అందరూ తిరిగి చూశారు. రెండుసార్లు ఉతికిన టోపీ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గైడు నిలబడి ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు పట్టుకుని దర్జీ అక్క ఉంది.

"ఆ కొండ ఆరేళ్ళ కిందటే మూగబోయింది. చరియ విరిగిపడింది. ఇన్నాళ్ళూ అరిచింది నేను. మీరు అడిగినదానికి జవాబు కూడా నా దగ్గరే ఉంది. వినడానికైతే ఇక్కడే నిలబడండి, ఏమీ వినపడదు. చూడ్డానికైతే నాతో రండి."

"కొంప ముంచావు కదరా!" అన్నాడు ప్రెసిడెంటు. ఆ మాట మైకులో ఊరంతా వినపడింది.

గొడవ కాకపోలేదు. మోసమని ఒకాయన కేకలేశాడు. మాట్లాడే కొండ అని చెప్పి ఇంతదూరం తెచ్చారని ఇంకొకావిడ మేడంను నిలదీసింది. మేడం నోటుబుక్కు మూసి గైడునే చూస్తోంది, ఆవిడ ఏమనుకుంటోందో ఎవరికీ తెలియలేదు. చాలామంది తిరిగి బస్సువైపు నడిచారు. ఈ బస్సే చివరి బస్సు కావచ్చు. అదే జరిగితే ఊరి ఉసురు ఎవరికి తగుల్తుందో గైడుకు తెలుసు. అయినా నడిచాడు. చరియ దారికి అడ్డంగా ఉన్న బోర్డును రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఆరేళ్ళనుంచి పాతుకుపోయింది, ఒక పట్టాన రాలేదు. గుర్రాలాయన వచ్చి ఒక చెయ్యి వేశాక ఊడింది.

వెనక్కి తిరిగి లెక్కపెట్టాడు. పదకొండు మంది వస్తున్నారు. వాళ్ళ వెనక దర్జీ అక్క, ఆవిడ వెనక గుర్రం.

చరియ దగ్గర దారి సన్నగా ఉంది. తాళ్ళేమీ లేవు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. గైడు ముందుగా తన బొరియ చూపించాడు, గోనెపట్టా చూపించాడు, రేకు గొట్టం చూపించాడు. ఒకాయన అందులోకి తొంగిచూసి "ఇందులోనా? ఆరేళ్ళా?" అని గొణిగాడు. తర్వాత గైడు పక్కకు జరిగాడు. పొద్దుటి ఎండ నిలువెత్తు బండమీద పడుతోంది. గవ్వలన్నీ తెల్లగా లేచి కనపడ్డాయి. ఒకామె చెయ్యి చాచి శంఖంలాంటి దాన్ని ముట్టుకుంది.

గైడు గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్న బండే, కట్టుకున్న కథే, కానీ ఎదురుగా మొహాలుండేసరికి మొదటి మాటే బొంగురుగా, నెమ్మదిగా వచ్చింది. చివర నిలబడ్డ పెద్దావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఏమన్నారు? వినపడలేదు బాబూ, మళ్ళీ చెప్పండి."

గైడు నోరు తెరిచాడు. ఆరేళ్ళ అలవాటు నాలుక మీదికి వచ్చింది. చివరి మాట, గట్టిగా, సగం గొంతుతో, రాతివైపు తిరిగి. నోరు మూసుకున్నాడు. దర్జీ అక్క ఫ్లాస్కు మూత తీసి వేణ్ణీళ్ళు అందించింది. ఒక గుక్క తాగి, బండకు ఇంకాస్త దగ్గరగా జరిగి చెయ్యి ఊపాడు.

"మళ్ళీ చెప్పనమ్మా" అన్నాడు. "నేను ఒక్కసారే చెప్తాను. దగ్గరికి రండి."